నలభై సెకన్లు తిరిగిన బర్రె

2025 నవంబరు 17, సోమవారం, ఉదయం 10 గంటల 35 నిమిషాలకు సికింద్రాబాదు జూబ్లీ బస్టాండులో సిద్దిపేట బస్సు కదిలింది. నా పక్క సీట్లో మా చెల్లెలి కూతురు స్రవంతి. తన ఒళ్ళో ఒక గుడ్డ సంచి, సంచిలో నాలుగు పాత ఫోన్లు.

స్రవంతి ఉద్యోగం ఫోన్లలో మనకు కనిపించే తెరలు గీయడం. ఏ మీట ఎక్కడ ఉండాలి, అక్షరం ఎంత ఉండాలి, ఒక పని ఎన్ని నొక్కుళ్ళలో తేలిపోవాలి అని ఆలోచించే పని. మూడేళ్ళుగా తనకో పట్టుదల ఉంది. తెర చూడ్డానికి బాగుంటే సరిపోదు, అది తాగే కరెంటు, లాగే నెట్టు, దాని బరువు మోయలేక మూలపడే ఫోన్లు, ఇవన్నీ గీసినవాళ్ళ బాధ్యతే అంటుంది. ఈ మాట పెద్ద నగరాల్లో చాలామంది ముందు చెప్పింది. పని చేసి చూపించమన్నవాళ్ళు మాత్రం సిద్దిపేట దగ్గరి ఒక చిన్న పాల సంఘం వాళ్ళు.

ఆ సంఘం కింద 38 పాల కేంద్రాలు ఉన్నాయి. రైతులు పోసిన పాల తూకం, వెన్న శాతం ప్రతి కేంద్రంలోనూ ఫోనులో ఎక్కిస్తారు. రెండేళ్ళ కింద ఎవరో చేసిపెట్టిన యాప్‌ను పాత ఫోన్లు మోయలేకపోతున్నాయి. ఫోన్లన్నీ తీసేసి కొత్తవి కొనాలని, కొనుక్కోలేనివాళ్ళు కేంద్రం వదులుకోవాలని కమిటీ అనుకుంది. స్రవంతి చేసిన తేలికపాటి తెర ఒక కేంద్రంలో, పాత ఫోను మీదే, గురువారం దాకా నడిస్తే ఆ ఆలోచన మానుకుంటామంది. శుక్రవారం ఉదయం 11 గంటలకు, సంఘం ఆఫీసు ఉన్న తొగుటలో తీర్మానం. కాగితం మీద ఒక షరతు కూడా రాసుకున్నారు. పరీక్ష జరిగే రోజుల్లో ఆ కేంద్రం రైతుల నుంచి రాతపూర్వకంగా ఫిర్యాదు వస్తే, కేంద్రం నడిపే మనిషిని మారుస్తారు.

ఆ కాగితం మీద వేలిముద్ర వేసిన మనిషి నర్సవ్వ. ఆమె ఫోనుకు ఏడేళ్ళు. కొత్తది కొనే దారి లేదు కాబట్టి పరీక్షకు తన కేంద్రాన్నే ఇచ్చింది.

నేనెందుకు వెళ్ళానంటే, నేను తంతి కార్యాలయంలో 31 ఏళ్ళు పనిచేశాను. ఇప్పుడు 73. గడియారం చూసి రాయడం, రాసింది దిద్దకపోవడం అక్కడ అబ్బిన అలవాటు. "ఫోను ఎంత తిన్నదీ ఫోనే చెబుతుంది పెద్దమ్మా. మనుషులకు ఎంతసేపు పట్టిందో రాసేవాళ్ళు కావాలి. నా మొహం చూసి ఒక్క సెకను కూడా తగ్గించనిదానివి నువ్వే" అంది స్రవంతి. తెనాలి నుంచి ఒక గడియారం, ఒక నోటు పుస్తకం, రెండు పెన్సిళ్ళు పట్టుకుని బయల్దేరాను.

సిద్దిపేట: ఖాజా డబ్బా

గజ్వేలు దాటాక డ్రైవరు గట్టిగా బ్రేకు వేశాడు. స్రవంతి ఒళ్ళోంచి సంచి జారి ఒక ఫోను అద్దం పగిలింది. నర్సవ్వ ఫోను మొరాయిస్తే పనికొస్తుందని తెచ్చిన ఫోను అది. అందుకే సిద్దిపేటలో దిగగానే భోజనం కంటే ముందు ఫోన్లు బాగుచేసే దుకాణం వెతుక్కున్నాం.

దుకాణం ఖాజా అనే యాభై ఏళ్ళ మనిషిది. కంటికి భూతద్దం తగిలించుకుని చూశాడు.

"అద్దం పలిగింది గంతే అమ్మా. లోపట ప్రాణం మంచిగనే ఉంది."

బల్ల కింద పెద్ద బిస్కెట్ల డబ్బా కనిపించింది. మూత లేదు. నిండా ఫోన్లు. అవన్నీ పాడైనవా అని అడిగాను.

"ఎక్కడి పాడు? మంచిగ మాట్లాడ్తయి, మంచిగ మోగుతయి. యాప్ ఎక్కుతలేదని ఇడిసిపెట్టి పోయిన్రు. ఫోన్లు ముసలివి గాలేదమ్మా, యాప్‌లు బలిసినయి."

నేను డబ్బాలోకి వంగి ఒక్కొక్కటే పక్కన పెట్టాను. ఆయన భూతద్దం పైకెత్తి చూశాడు.

"లెక్కవెడ్తున్నవా ఏంది?"

"యాభై మూడు."

"పదకొండేండ్ల సంది దుకాణం నడుపుతున్న. నేను సుత ఎన్నడు లెక్కవెట్టలే" అన్నాడు ఖాజా. చాయ్ తెప్పించాడు. బయట పదిహేను రూపాయలు, మా దగ్గర తీసుకోలేదు. మా ఊళ్ళో మధ్యాహ్నం వచ్చినవాళ్ళకు మజ్జిగ ఇస్తాం. ఇక్కడ ఏ వేళైనా చాయే. ఐదు రోజుల్లో నేను తాగినవి 19.

వడ్ల మీదుగా

ఫోనుకు కొత్త అద్దం వేయించుకునేసరికి సాయంత్రమైంది. చింతమడక వైపు ఆటోలో వెళ్ళాం. మనిషికి నలభై. కోతలు అయిపోయి రోడ్డుకు సగం మేర వడ్లు ఆరబోశారు. హద్దుగా రాళ్ళు పేర్చారు. మా వైపూ రోడ్డు మీద ఆరబోస్తారు గానీ, ఇంత పొడవున ఎక్కడా చూడలేదు. ఎదురుగా ట్రాక్టరు వచ్చేసరికి మా డ్రైవరు ఒక చక్రం వడ్ల మీదికి ఎక్కించాడు. గడ్డపలుగంత పొడుగు కర్రతో వడ్లు తిరగేస్తున్న ఆవిడ పరుగున వచ్చింది.

"కండ్లు లేవార నీకు? నా వడ్లు నీ టైర్లకు తినవెడ్తున్నవా?"

"రెండు గింజలే గదనే అక్కా."

"రెండు గింజలే అయితే దిగి ఏరిపో!"

డ్రైవరు నిజంగానే దిగి, టైరు గాడుల్లో ఇరుక్కున్న గింజలు దులిపి, రాళ్ళు సర్ది ఎక్కాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. నాకు నవ్వు రాలేదు, ఐదున్నరకు పాలు పోసే వేళ దాటిపోతుందని నా బెంగ.

దాటిపోయింది కూడా. మేం చేరేసరికి సోమవారం సాయంత్రం పూట ముగిసింది. నర్సవ్వ క్యాన్లు కడుగుతోంది. యాభై రెండేళ్ళ మనిషి, బక్కపలుచన. ఇంటి ముందు గదే పాల కేంద్రం. తొమ్మిదేళ్ళ ఏడు నెలలుగా నడుపుతోంది.

"వచ్చిన్రా, రాండ్రి. గీమెనా గడియారం పెద్దమ్మ? కూసో, సర్వపిండి చేసిన, తిను."

మా వైపు ముక్కూ మొహం తెలియని పెద్దవాళ్ళను 'మీరు' అనకపోతే తప్పు. ఇక్కడ మొదటి గంటలోనే నువ్వు అయిపోయాను. ఆ నువ్వులో చిన్నతనం ఏమీ లేదని తెలియడానికి నాకు ఒక పూట పట్టింది. సర్వపిండి మా తపేలా చెక్కే, నువ్వులు, పల్లీలు ఎక్కువ.

తిన్నాక నర్సవ్వ ఫోను తెచ్చి స్రవంతి చేతిలో పెట్టింది. పెట్టి వదల్లేదు, ఒక అంచు పట్టుకునే ఉంది.

"బిడ్డా, గిది నడుస్తది గద? నడవకుంటే నాకు ఈ సెంటరే బువ్వ."

"నడుస్తుంది నర్సవ్వా" అంది స్రవంతి.

మంగళవారం పొద్దున: పాత తెర

పోల్చుకోవడానికి మొదటి పూట పాత యాప్‌నే నడిపించాం. తెల్లవారుజామున 5 గంటల 50 నిమిషాలకు మొదలు. 44 మంది వచ్చారు.

పని ఇలా జరుగుతుంది. రైతు పాలు తెస్తే నర్సవ్వ తూకం గిన్నెలో పోస్తుంది. అందులోంచి ఒక చిన్న గరిటెడు గ్లాసులోకి తీసి, వెన్న శాతం చూసే మిషను గొట్టం కింద పెడుతుంది. ఫోనులో రైతు నంబరు, తూకం కొడుతుంది. అప్పుడు ఫోనులో ఒక రంగుల బర్రె ప్రత్యక్షమవుతుంది. (మా గేదెను ఇక్కడ బర్రె అంటారు.) అది పచ్చిక మీద గుండ్రంగా తిరుగుతుంది, వెనక పాలు ధారగా పడుతుంటాయి. తూకం ఎక్కడికో వెళ్ళి నమోదై వచ్చేదాకా తిరుగుతూనే ఉంటుంది. నా గడియారం ప్రకారం తక్కువలో తక్కువ 36 సెకన్లు, ఎక్కువలో ఎక్కువ 49. అది ఆగాకే వెన్న శాతం రాసే గడి తెరుచుకుంటుంది. అప్పుడు నర్సవ్వ మిషను మీట నొక్కి, అంకె చూసి ఎక్కిస్తుంది.

వరసలో ఉన్న ఎల్లవ్వ ఆ బర్రెను చూసి మూతి తిప్పింది. ఆమెకు అరవై దాటాయి, ఊళ్ళో ఆమె నోటికి ఎదురు లేదట.

"రెండేండ్ల సంది తిరుగుతుంది. పాలియ్యదు, ఈనది, తిరుగుడు ఆపది. గసోంటి బర్రె నా కొట్టంల ఉంటే ఎప్పుడో అంగట్ల అమ్ముకుందును."

పని 7 గంటల 2 నిమిషాలకు ముగిసింది. 72 నిమిషాలు. ఫోనులో చార్జి నూటి నుంచి 22కు దిగింది. ఫోను పెనంలా కాలుతోంది. నర్సవ్వ దాన్ని చల్లటి పాల క్యానుకు ఆనించి పెట్టింది. రోజూ అంతేనట.

మంగళవారం సాయంత్రం: కొత్త తెర

స్రవంతి తెరలో బర్రె లేదు. పాల ధార లేదు. నల్లటి తెర మీద తెల్లటి పెద్ద అక్షరాలు. నంబరు, తూకం, వెన్న శాతం మూడు గడులూ ఒకేచోట. అంకెలు ఫోనులోనే దాచుకుని, పూట అయ్యాక ఒక్కసారే పంపిస్తుంది.

నర్సవ్వ ఆ నల్లటి తెర చూసి ఉలిక్కిపడింది. "సచ్చిందా ఏంది?" అని పక్క మీట గట్టిగా నొక్కింది, ఫోను నిజంగానే ఆగిపోయింది. మళ్ళీ తెరవడానికి నిమిషం పట్టింది. తర్వాత చెయ్యి అలవాటు పడింది.

5 గంటల 42 నిమిషాలకు మొదటి తూకం. అక్కడి నుంచి నేను సెకన్లు పైకి చదవడం మొదలుపెట్టాను. "యాభై రెండు... నలభై ఎనిమిది... నలభై నాలుగు! ఊ, తర్వాత ఎవరు?" నర్సవ్వ నవ్వుతూ ఇంకా వేగంగా చేసింది. వరసలో వాళ్ళు కూడా క్యాన్ల మూతలు ముందే తీసి పట్టుకున్నారు. 41 మంది, 31 నిమిషాలు. ఫోను నూటి నుంచి 91. చల్లగా ఉంది. నర్సవ్వ దాన్ని చెంపకు ఆనించుకుని చూసింది.

"గిది నా ఫోనేనా?"

స్రవంతి కళ్ళు తుడుచుకుంది. నేను పుస్తకంలో రెండు పూటల అంకెలు పక్కపక్కన రాసి కింద గీత గీశాను. ఆ రాత్రి జొన్నరొట్టె, వెల్లుల్లి కారం, చుక్కకూర పప్పు. రెండు రొట్టెలు ఎక్కువే తిన్నాను.

బుధవారం పొద్దున

22 మంది పోసేదాకా అంతా మంగళవారం సాయంత్రంలాగే నడిచింది. 23వది ఎల్లవ్వ. మిషను మీద ఎర్రటి అంకె వచ్చింది. నర్సవ్వ ఫోనులో ఎక్కించి, ఎల్లవ్వ చిన్న పుస్తకంలో రాసి ఇచ్చింది. ఎల్లవ్వ పక్కకు జరగలేదు.

"ఆరు పాయింట్ ఒకటా? నిన్న పొద్దుగాల ఎంత?"

పైన నిన్న పొద్దుటి అంకె ఉంది. ఆరు పాయింట్ ఎనిమిది.

"అదే బర్రె, అదే మేత. ఒక్క పొద్దుల ఎన్న ఏడ వోయిందే నర్సవ్వా?"

పాలు పోసి అరుగు మీద కూర్చున్నవాళ్ళు పుస్తకాలు తెరిచారు. ఒకరి తర్వాత ఒకరు లేచి వచ్చారు. పొద్దుటి పాలనూ సాయంత్రం పాలనూ ఎవరూ పోల్చరు, వేళను బట్టి వెన్న మారుతుందని అందరికీ తెలుసు. అందుకే నిన్న సాయంత్రం ఎవరికీ అనుమానం రాలేదు, మొన్న సాయంత్రం అంకె ఎవరూ వెతకలేదు. ఇప్పుడు పొద్దుటికి పొద్దుట పక్కపక్కన పెట్టి చూసుకున్నారు. 22 మందిలో 18 మందికి తగ్గింది. ఎల్లవ్వతో 19.

"పట్నం నుంచి వచ్చిన్రు, ఎన్న తీస్కవోయిన్రు" అంది ఎల్లవ్వ. ఎవరూ నవ్వలేదు.

స్రవంతి ఫోను పట్టుకుని ముందుకు వచ్చింది. మిషను చూపించిన అంకే ఫోనులోకి వెళ్ళిందని, యాప్ దేన్నీ మార్చలేదని చూపించబోయింది.

"నీ అద్దంల నాకేం కనవడ్తది బిడ్డా? నా బుక్కుల కనవడ్తుంది."

మిగతావాళ్ళు 'మేం పాలు పోయం' అన్నారు. పోసినవాళ్ళు 'క్యాను కదలనివ్వం' అన్నారు. నర్సవ్వ గుమ్మంలో నిలబడి ఒకరి మొహం తర్వాత ఒకరి మొహం చూసింది. తొమ్మిదేళ్ళలో ఒక్క లొల్లి రాని కేంద్రమట. ఏడున్నరకు పాల వ్యాను వచ్చి, పది నిమిషాలు హారను కొట్టి, నిండిన క్యాను ఎక్కకుండానే వెళ్ళిపోయింది.

తొమ్మిదింటికి సంఘం సూపర్‌వైజరు రాజిరెడ్డి మోటారు సైకిలు మీద వచ్చాడు. 19 మందీ కాగితం మీద సంతకాలు, వేలిముద్రలు పెట్టారు. అతను దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"మేడం, మాపటి పూట లోపల ఏందో తేల్చుండ్రి. తేలకుంటే పాత యాపే. ఫోన్ల ఆర్డర్ పోతది" అని స్రవంతితో అన్నాడు. నర్సవ్వ వైపు చూడకుండా, "నీ సంగతి శుక్రారం మాట్లాడ్దాం" అన్నాడు.

తగ్గని నలుగురు

పదకొండు గంటల దాకా స్రవంతి యాప్‌లో ప్రతి లెక్కా తిరగేసింది. తప్పు లేదు. "తప్పు దొరికితే బాగుండు పెద్దమ్మా, దిద్దేదాన్ని" అంది. మిషను కూడా కడిగి, నీళ్ళతో పరీక్ష చేశారు. అదీ బాగానే ఉంది.

నేను గోడకు ఆనుకుని నా పుస్తకం తీశాను. తగ్గినవాళ్ళను వదిలేశాను. తగ్గనివాళ్ళు నలుగురున్నారు కదా, వాళ్ళెవరో చూశాను. మొదటివాడు అయిలయ్య, వరసలో మొదటి మనిషి. అతని పాలు గ్లాసులో పోశాక ఫోను తెరుచుకోవడానికి నిమిషం పట్టిందని రాసుకున్నాను. ఎనిమిదో మనిషి కనకవ్వ. తూకం తక్కువ వచ్చిందని గొడవపడి మళ్ళీ తూయించుకుంది, 70 సెకన్లు. పద్నాలుగో మనిషి దగ్గర నర్సవ్వకు ఫోను వచ్చింది, 50 సెకన్లు మాట్లాడింది. పదిహేడో మనిషి దగ్గర గరిటె కింద పడితే కడుక్కొచ్చింది, 55 సెకన్లు.

నలుగురి పాలూ గ్లాసులో ఆగాయి. మిగతా 19 మంది పాలు గ్లాసులో పడ్డాక ఆరేడు సెకన్లకే మిషను మీట నొక్కింది.

1 గంట 20 నిమిషాలకు నర్సవ్వను పిలిచి ఈ నాలుగు పేర్లు చదివాను. ఆమె చెయ్యి నుదుటి మీదికి వెళ్ళింది.

"నురుగు!"

స్రవంతికి అర్థం కాలేదు.

"నురుగు బిడ్డా! అప్పుడే పోసిన పాలల్ల గాలుంటది. గాలి మింగితే మిషన్‌కు ఏం సమజ్ గాదు. మిషన్ పెట్టిననాడు ఒక సారు చెప్పిండు, నురుగు సల్లారేదాక ఆగుమని. మా అత్త గూడ అంటుండె, నురుగు కొలిచినోడు, నీడ కొలిచినోడు ఒక్కటే అని. మొదట్ల ఆగుతుంటి. యాప్ వచ్చినంక ఆగుడు నా చేతుల లేకుంట వోయింది. బర్రె తిరిగితే ఆగిన. ఇప్పుడు తిరగకపాయె, ఉరికిన."

కాసేపటికి నా వైపు తిరిగింది. కోపంగా కాదు, గుర్తొచ్చిన మాట చెప్పినట్టు అంది.

"నువ్వు గూడ ఉరికిస్తివి గద పెద్దమ్మా."

నలభై ఎనిమిది, నలభై నాలుగు, ఊ తర్వాత ఎవరు అని చదివిన గొంతు నాదే.

"నేను బర్రెను తీసేశాను. అది అక్కడ ఏం పని చేస్తోందో నర్సవ్వను ఒక్కసారి అడగలేదు" అంది స్రవంతి. అని గడప మీద కూర్చుని పని మొదలుపెట్టింది. ఆగడం ముఖ్యమే, కానీ ఆగడానికి ఫోను కాలనక్కరలేదు. మూడు గంటల్లో తెర మార్చింది. ముందు తూకం మాత్రమే అడుగుతుంది. తర్వాతి మనిషి తూకం, ఆ తర్వాతి మనిషి తూకం అయ్యాక, మొదటి మనిషి వెన్న శాతం అడుగుతుంది. నర్సవ్వ నాలుగు గ్లాసులు తెచ్చి, సుద్దతో 1, 2, 3, 4 అని రాసి, గూట్లో వరసగా పెట్టింది. ఒకటి మిషను కింద ఉంటే మిగతావి నురుగు దిగేదాకా గూట్లో ఆగుతాయి.

సాయంత్రం 4 గంటల 40 నిమిషాలకు రాజిరెడ్డినీ, ఎల్లవ్వనూ నిలబెట్టి నర్సవ్వ తన బర్రె పాలు పిండుకొచ్చింది. ఒకే గిన్నెలోంచి రెండు గ్లాసులు. మొదటిది వెంటనే పెట్టింది, ఆరు పాయింట్ సున్నా. రెండోది నిమిషం ఆపి పెట్టింది, ఆరు పాయింట్ ఏడు. మళ్ళీ చేయమన్నాడు రాజిరెడ్డి. మూడుసార్లు చేసింది. మూడుసార్లూ అంతే.

ఎల్లవ్వ గ్లాసులోకి వంగి చూసింది. "అయితే నా ఎన్న ఎవ్వలు తినలేదా?"

"నురుగు తిన్నదే ఎల్లవ్వా" అంది నర్సవ్వ.

గురువారం

బుధవారం సాయంత్రం, గురువారం రెండు పూటలు. నేను గొంతు విప్పలేదు, పెన్సిలు మాత్రమే కదిలించాను. ఒక్కో మనిషికి 46 సెకన్లు. అందరూ ఆగారు, ఎవరికీ ఆలస్యం కాలేదు. ఫోను ప్రతిసారీ తొంభై దగ్గరే నిలిచింది. అంకెలు పాత దారికి వచ్చాయి. ఫిర్యాదు లేదు.

గురువారం సాయంత్రం ఎల్లవ్వ తన పుస్తకం మూసి చెప్పింది. "రేపు నేను గూడ తొగుట వస్త. కాయిదం మీద నా ఏలి ముద్ర ఎన్కకు తీసుకుంట. మిగతోళ్ల తరఫున గూడ నేనే చెప్త."

తొగుట

శుక్రవారం 21వ తేదీ. 11 గంటలకు అక్కడ ఉండాలి. ఆటోలో ఐదుగురం: డ్రైవరు, నర్సవ్వ, ఎల్లవ్వ, స్రవంతి, నేను. దారిలో ఒకచోట దూరంగా మల్లన్న సాగర్ కట్ట కనిపించింది, కొండను గీత పెట్టి కోసినట్టు. నర్సవ్వ ఉతికిన చీర కట్టుకుని, ఫోను కొంగులో ముడేసుకుంది. దారి పొడుగునా ఎల్లవ్వే మాట్లాడింది.

కమిటీలో ఏడుగురు. స్రవంతి నా అంకెలు చదివింది. ఒకాయన కొత్త తెరను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అంతా బాగుంది మేడం. గని బర్రె లేకుంటే పాల యాప్ లెక్క కొడ్తలేదు. చిన్నదన్న పెట్టరాదు?"

స్రవంతి నోరు తెరిచేలోపు నర్సవ్వ అంది. "సారూ, నా సెంటర్‌ల నలభై నాలుగు ఇండ్ల బర్లున్నయి. ఫోన్ల ఇంకోటి పెడితే దానికి మేత ఎవ్వలెయ్యాలె?"

అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. తేలిక తెర 38 కేంద్రాల్లోనూ పెట్టాలని, కొత్త ఫోన్లు కొనవద్దని తీర్మానం అయింది. నాలుగు గ్లాసుల పద్ధతి కూడా రాసుకున్నారు. 11 గంటల 50 నిమిషాలు. స్రవంతి నా చెయ్యి పట్టుకుంది.

అప్పుడు రాజిరెడ్డి జేబులోంచి మడిచిన కాగితం తీశాడు.

ఎల్లవ్వ లేచింది. "నా ముద్ర ఎన్కకు తీసుకుంటున్న. తప్పు నురుగుది, నర్సవ్వది గాదు."

"కూసో ఎల్లవ్వా" అన్నాడు అధ్యక్షుడు, మెల్లగానే. "బుధారం పెట్టిన ముద్ర శుక్రారం చెరిగిపోతదా? రేపు ఇంకో సెంటర్ల లొల్లి అయితే ఆళ్లు గూడ గట్లనే అంటరు. షరతు అందరికి ఎరుకే."

నేను లేచాను. పుస్తకం తెరిచి చదివాను. మంగళవారం సాయంత్రం 5 గంటల 42 నిమిషాల నుంచి 6 గంటల 13 నిమిషాల దాకా సెకన్లు పైకి చదివి ఆ మనిషిని తొందరపెట్టింది నేను, బుధవారం ఉదయం కూడా నేనే, నురుగు ఆరనివ్వనిది నా తొందర అని చెప్పాను.

అధ్యక్షుడు రెండు చేతులూ జోడించాడు. "మీ పెద్దతనానికి దండం అమ్మా. మీరు చెప్పింది నిజమే కావచ్చు. గని మీరు మా రిజిస్టర్ల లేరు. ఉన్నది నర్సవ్వే."

డిసెంబరు ఒకటి నుంచి కేంద్రం అదే ఊళ్ళో ఇంకో ఇంటికి మారుతుందని రాశారు. నర్సవ్వ వేలిముద్ర వేసింది. వేశాక బొటనవేలు కొంగుకు తుడుచుకుంది.

బయట చాయ్ దుకాణంలో స్రవంతి ఏడ్చింది. నర్సవ్వ ఏడవలేదు. గ్లాసు రెండు చేతుల మధ్య పట్టుకుని చాయ్ తాగింది. తర్వాత కొంగు ముడి విప్పి ఫోను బల్ల మీద పెట్టింది.

"బిడ్డా, నా ఎన్క వచ్చేదానికి నురుగు సంగతి ఎవ్వలు చెప్తరు? గా తెర మీదనే రాయి. ఆమెకు సదువొస్తది."

"ఏం రాయమంటావు?"

"నురుగు దిగినంక నొక్కు అని రాయి. పెద్దగ రాయి."

స్రవంతి అక్కడే రాసింది. చూపిస్తే నర్సవ్వ అక్షరాల మీద వేలితో తడిమి, "గిది గూడ బరువైతదా?" అని అడిగింది. కాదని చెప్పాం.

తిరిగొచ్చి పదకొండు రోజులైంది. పోయినవి ఇవి.

ఫోన్లు: 38 కేంద్రాల్లో ఒక్కటీ పోలేదు.

వ్యాను ఎక్కక బుధవారం మధ్యాహ్నానికి విరిగిన పాలు: ఒక క్యాను, 40 లీటర్లు.

తక్కువగా పడిన కొలతలు: మంగళవారం సాయంత్రం, సోమవారం సాయంత్రంతో పోల్చి చూస్తే, 38. బుధవారం ఉదయం 19. మొత్తం 57.

నర్సవ్వ పాల కేంద్రం, తొమ్మిదేళ్ళ ఏడు నెలలది: ఒకటి.